మెడకూ చంకకూ నడుమ ఇరుకు దారి

మెడలో వెన్నుపాము నుంచి వెలువడే ఐదు నరాల వేళ్ళు అల్లుకొని ఏర్పడే భుజనాడీ జాలానికీ, గుండె నుంచి చేతికి రక్తాన్ని తెచ్చే సబ్‌క్లేవియన్ ధమనికీ, ఆ రక్తాన్ని తిరిగి గుండెవైపు చేర్చే అదే పేరుగల సిరకూ చేతిలోకి పోవడానికి ఉన్నది ఒకే దారి. ఆ దారికి పైకప్పు జత్రుక, అనగా మెడ దిగువన అడ్డంగా వేలికి తగిలే ఎముక. నేల మొదటి పక్కటెముక, ఇది జత్రుక చాటున దాగి ఉండటం వల్ల బయటి నుంచి చాలామందికి దొరకదు. మెడ పూసల నుంచి గుంజల్లా దిగివచ్చి ఆ పక్కటెముకను పట్టుకొనే కండరాలను స్కేలీన్ కండరాలంటారు. వీటిలో ముందరి కండరానికీ నడిమి కండరానికీ మధ్యనున్న త్రికోణపు సందులో నుంచి నరాలూ ధమనీ సాగుతాయి. సిర మాత్రం ముందరి స్కేలీన్‌కు ఇవతలగా, జత్రుకా పక్కటెముకా దగ్గరపడే మూలలో ఒదిగి వెళుతుంది. మరికొంత కిందికి వచ్చాక ఈ మూడూ కలిసి ఛాతీ పైభాగంలో ఉండే పెక్టొరాలిస్ మైనర్ అనే చిన్న కండరం వెనుక నుంచి చంకలోకి దిగుతాయి.

ఈ దారి ఏ చోట ఇరుకైనా కలిగే లక్షణాల సముదాయాన్ని వైద్యులు థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అంటారు. థొరాసిక్ అవుట్‌లెట్ అంటే ఛాతీ పైనున్న నిర్గమ ద్వారం. పేరు ఒకటే అయినా దాని కింద ఉన్నవి మూడు వేర్వేరు జబ్బులు. నరాలు నలిగితే వచ్చేది మొదటిది, రోగుల్లో నూటికి తొంభైమందికి పైగా ఈ కోవలోని వారే. సిర నొక్కుకుపోయి అందులో రక్తం గడ్డకట్టడం రెండవది, నూటికి నలుగురైదుగురికి మించదు. ధమని దెబ్బతినడం మూడవది, నూటికి ఒకరుండవచ్చు. శస్త్రచికిత్స ఎప్పుడు చేయాలి, ఎంత త్వరగా చేయాలి, దాని వల్ల ఎంత మేలు ఆశించవచ్చు అనే ప్రశ్నలకు ఈ మూడింటిలో ఒక్కొక్కదానికి ఒక్కో సమాధానం ఉంది. ఈ తేడాను గమనించకుండా ఆపరేషన్ మంచిదా కాదా అని వాదించుకోవడం వల్లనే ఈ జబ్బు చరిత్రలో ఎన్నో దశాబ్దాల కలహం నడిచింది.

చేతులు పైకెత్తినప్పుడు జత్రుక వెనక్కి తిరిగి మొదటి పక్కటెముకకు దగ్గరవుతుంది గనుక, రోజంతా చేతులెత్తి పనిచేసేవారిలోనూ భుజాన బరువు మోసేవారిలోనూ ఈ లక్షణాలు ఎక్కువగా బయటపడతాయి. ఆ దృష్టితో చూస్తే హైదరాబాదుకు దక్షిణాన, రంగారెడ్డి జిల్లాలోని శంషాబాద్ ప్రాంతం గమనింపదగినది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమాన సర్వీసులు ఇక్కడికి తరలిన నాటి నుంచి, సుమారు 5,500 ఎకరాల్లో విస్తరించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం చుట్టూ సరుకుల గోదాములూ విమానాల మరమ్మతు కేంద్రాలూ ట్యాక్సీ స్టాండ్లూ ఏర్పడ్డాయి. 2023-24 ఆర్థిక సంవత్సరంలో దాదాపు రెండున్నర కోట్లమంది ప్రయాణికులు ఈ విమానాశ్రయం మీదుగా రాకపోకలు సాగించారు. అంతమంది సామాను మనుషుల చేతుల మీదుగానే విమానం ఎక్కుతుంది. దేశీయ మార్గాల్లో ఎక్కువగా తిరిగే చిన్న విమానాల పొట్టలోని సామాను అర సుమారు నాలుగడుగుల ఎత్తు మాత్రమే ఉంటుంది. లోడర్ అందులో మోకాళ్ళ మీద కూర్చొని, మెడ ఒక పక్కకు వంచి, తలుపు దగ్గరి నుంచి వచ్చే పెట్టెను రెండు చేతులతో అందుకొని, ఒంటిని మెలితిప్పి, వరుస మీద వరుసగా పైకప్పు దాకా పేరుస్తాడు. ఒక్కో పెట్టె బరువు 32 కిలోలు మించరాదన్న నియమం ఉన్నా, ఆ భంగిమలో ఇరవై కిలోలు కూడా భుజానికి భారమే. రెక్కల కింద నిలబడి తల వెనక్కి వాల్చి గంటల తరబడి పైకి చేతులు చాచే మరమ్మతు సాంకేతికుడిదీ, చుట్టుపక్కల పల్లెల్లో తాటిచెట్టు మీద మోకు ఆధారంతో నిలిచి తల మీదుగా చేతులెత్తి గెలలు గీసే గీత కార్మికుడిదీ ఇదే తీరు శ్రమ. వీరిలో ఎందరికి ఈ జబ్బు ఉందో లెక్కకట్టడం ఈ అధ్యాయం ఉద్దేశం కాదు. పని ఒక్కటే జబ్బుకు కారణమని చెప్పడమూ సరికాదు, ఎందుకంటే అదే పని చేసే నూరుమందిలో అత్యధికులకు ఏమీ కాదు. పుట్టుకతో ఉన్న ఇరుకుకు శ్రమ తోడైనప్పుడు కథ మొదలవుతుంది.

పుట్టుకతో వచ్చే ఇరుకుల్లో ప్రసిద్ధమైనది మెడ పక్కటెముక. ఏడవ మెడపూస నుంచి అదనంగా మొలిచే ఈ ఎముక వెయ్యిమందిలో ఐదు నుంచి పదిమందికి ఉంటుందని అంచనా, వారిలో ఎక్కువమందికి జీవితాంతం దాని సంగతే తెలియదు. కొందరికి ఎముకకు బదులు దాని స్థానంలో గట్టి నారలాంటి పట్టీ ఉంటుంది, ఇది ఎక్స్‌రేలో కనిపించదు. ఇంకొందరికి కారు ప్రమాదంలో మెడ ఒక్కసారిగా ముందుకూ వెనక్కూ ఊగిన తరువాత స్కేలీన్ కండరాల్లో మచ్చకట్టి అవి బిగుసుకుపోతాయి.

నరాలు నలిగిన రోగి చెప్పే మాటలు సాధారణంగా ఒకేలా ఉంటాయి. చెయ్యి గుంజుతున్నదనీ, చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయనీ, జుట్టు దువ్వుకోవాలన్నా దండెం మీద బట్టలు ఆరేయాలన్నా చెయ్యి సచ్చుబడినట్టవుతోందనీ అంటారు. ఇదే వర్ణన మెడపూసల మధ్య డిస్క్ జారినవారూ, మణికట్టులో నరం నొక్కుకున్నవారూ, మధుమేహంతో నరాలు దెబ్బతిన్నవారూ చెప్పవచ్చు. చిటికెన వేలి తిమ్మిరికి మోచేతి వెనుక నరం ఉబ్బించే కుష్ఠువ్యాధి కూడా ఒక కారణం కావచ్చు గనుక మన ప్రాంతంలో వైద్యుడు మోచేతి వెనుక వేలుపెట్టి ఆ నరాన్ని తడిమి చూడకుండా ముందుకు పోకూడదు. ఊపిరితిత్తి కొనమీద పుట్టే క్యాన్సర్ కణితి కూడా ఇదే నరాలను నొక్కుతుంది, అందుకే ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి.

ఈ జబ్బును తేల్చి చెప్పే ఒకే ఒక్క పరీక్ష లేదు. తలను ఒక పక్కకు తిప్పించి, లోతుగా ఊపిరి పీల్పించి మణికట్టు నాడి ఆగిపోతుందేమో చూసే ఆడ్సన్ పరీక్ష ఒకప్పుడు వేదవాక్కులా చెలామణి అయింది గాని, ఆరోగ్యవంతుల్లో కూడా చాలామందికి అలా నాడి తగ్గుతుందని తేలడంతో దాని విలువ పడిపోయింది. ఇప్పుడు ఎక్కువగా నమ్మేది రూస్ పరీక్షను: రోగి రెండు చేతులూ భుజాల ఎత్తుకు పక్కలకు చాపి, మోచేతుల దగ్గర మడిచి అరచేతులు ముందుకు పెట్టి, మూడు నిమిషాలపాటు పిడికిళ్ళు మూస్తూ తెరుస్తూ ఉండాలి. ఆరోగ్యవంతుడికి భుజాలు అలసిపోతాయి, అంతే. జబ్బున్నవాడికి మొదటి నిమిషంలోనే వేళ్ళు తిమ్మిరెక్కి, చెయ్యి బరువెక్కి, చాలాసార్లు మూడు నిమిషాలు పూర్తికాకుండానే ఒక్కసారిగా వాలిపోతుంది. దీనికి తోడు ముందరి స్కేలీన్ కండరంలోకి అల్ట్రాసౌండ్ సాయంతో కొద్దిగా మత్తుమందు ఎక్కించి, కాసేపటికి నొప్పి తగ్గుతుందేమో చూసే పరీక్ష ఉంది. తగ్గితే ఆపరేషన్ వల్ల మేలు జరిగే అవకాశం ఎక్కువ. అమెరికాలోని సొసైటీ ఫర్ వాస్కులర్ సర్జరీ 2016లో నిర్ధారణకూ ఫలితాల నమోదుకూ ప్రమాణాలు ప్రకటించాకనే వేర్వేరు ఆసుపత్రుల ఫలితాలను పోల్చడం కొంతవరకు సాధ్యపడింది.

శస్త్రచికిత్స చరిత్ర 1861లో మొదలవుతుంది. ఆ ఏడాది లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో హోమ్స్ కూట్ అనే వైద్యుడు ఒక రోగి మెడ పక్కటెముకను తీసివేశాడు. 1910లో ఆస్ట్రేలియాలో థామస్ మర్ఫీ, అదనపు ఎముక లేని రోగికి కూడా సహజమైన మొదటి పక్కటెముకను తీయడం ద్వారా ఉపశమనం కలుగుతుందని చూపాడు. 1927లో ఆడ్సన్, కాఫీ అనే ఇద్దరు ఎముక జోలికి పోకుండా ముందరి స్కేలీన్ కండరాన్ని కోసి వదిలేస్తే చాలని ప్రతిపాదించగా, సులువైన పని గనుక అది త్వరగా వ్యాపించింది, కోసిన కండరం తిరిగి మచ్చకట్టి అతుక్కోవడంతో అంతే త్వరగా నిరాశనూ మిగిల్చింది. జబ్బుకు నేటి పేరు 1956లో వచ్చింది. 1966లో డేవిడ్ రూస్ చంకలోని చిన్న కోత ద్వారా మొదటి పక్కటెముకను తీసే పద్ధతిని ప్రచురించాక ఆపరేషన్లు వెల్లువెత్తాయి. అనుభవం లేని చేతుల్లో నరాలు తెగిన ఉదంతాలు 1980వ దశకంలో బయటపడటంతో నరాల వైద్యులు ఈ జబ్బు ఉనికినే ప్రశ్నించారు. ఆ విమర్శ కటువుగా ఉన్నా దాని వల్ల జరిగిన మేలు పెద్దది: రోగిని ఎంచుకోవడంలో క్రమశిక్షణ వచ్చింది.

నేడు నరాల రకానికి మొదటి చికిత్స కత్తి కాదు. కనీసం రెండు మూడు నెలలు శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో భంగిమ సరిదిద్దడం, భుజపు ఎముకను నిలబెట్టే కండరాలను బలపరచడం, బిగుసుకున్న స్కేలీన్లను సాగదీయడం, చేతులెత్తే పనిని తగ్గించడం జరగాలి. చాలామందికి ఇంతటితోనే సరిపోతుంది. ఆ తరువాత కూడా పని చేయలేనంత బాధ ఉన్నవారికీ, బొటనవేలి మొదట్లోని కండ కరిగి చెయ్యి ఎండుతున్నవారికీ ఆపరేషన్ ఆలోచించాలి. ఇలా ఎండిన చేతిని 1970లో వర్ణించిన వైద్యుల పేర్ల మీద గిలియట్-సమ్నర్ చెయ్యి అంటారు. కరిగిన కండ ఆపరేషన్ తరువాత చాలావరకు తిరిగి రాదు, నొప్పి తగ్గి క్షీణత ఆగుతుంది. అంటే ఇక్కడ ఆలస్యం ఖరీదు రోగి శాశ్వతంగా చెల్లిస్తాడు.

జత్రుక పైనుంచి చేసే ఆపరేషన్‌ను దగ్గరగా చూస్తే దాని కష్టం తెలుస్తుంది. ఎముకకు ఒక వేలెడు పైన, మెడ ముడతల వెంట రెండు మూడు అంగుళాల కోత పెట్టి చర్మాన్ని విప్పగానే పసుపుపచ్చని మెత్తని కొవ్వు పొర ఒకటి అడ్డం వస్తుంది. దాన్ని పక్కకు జరిపితే ముందరి స్కేలీన్ కనిపిస్తుంది, దాని ముఖం మీద ఐమూలగా సన్నని తెల్లని తీగలా ఫ్రెనిక్ నరం పాకుతూ ఉంటుంది. శ్వాసకు మూలమైన విభాజక పటలాన్ని కదిలించేది ఇదే గనుక దాన్ని లాగినా చిదిమినా ఆ పక్క ఊపిరితిత్తి సగం పనిచేయదు. ఎడమవైపున అయితే పేగుల నుంచి కొవ్వును మోసుకువచ్చే శోషరస నాళం కూడా అక్కడే తచ్చాడుతుంది. ఇవన్నీ కాపాడుకుంటూ ముందరి స్కేలీన్‌ను పక్కటెముక దగ్గర కోసి తీసివేశాక, దాని వెనుక కొట్టుకుంటున్న ధమనీ, ఆ వెనుక లేత ముత్యపు రంగులో నరాల తాళ్ళూ బయటపడతాయి. నడిమి స్కేలీన్‌లో నుంచి వచ్చే మరో నరం తెగితే భుజపు ఎముక రెక్కలా వెనక్కి పొడుచుకువస్తుంది. అన్నింటినీ దాటి, నరాలను సున్నితంగా పక్కకు జరిపి, మొదటి పక్కటెముకను వెనుకా ముందూ కత్తిరించి బయటికి తీస్తారు. పక్కటెముక కిందనే ఊపిరితిత్తి పొర ఆనుకొని ఉంటుంది గనుక అది చిరిగి ఛాతీలోకి గాలి చేరడం తరచుగా జరిగే చిక్కు, ఒక చిన్న గొట్టంతో సాధారణంగా సర్దుకుంటుంది. ఇరవై నాలుగు పక్కటెముకల్లో ఒకటి పోయినందువల్ల శ్వాసకు గాని భుజానికి గాని లోపం రాదు. చంక ద్వారా చేసే పద్ధతిలో మచ్చ కనపడదు, రక్తనాళాన్ని బాగుచేయడానికి మాత్రం చోటు చాలదు. ఆ పద్ధతి తరువాత చేతి లోపలి వైపు కొంత మేర మొద్దుబారి ఉండటం కద్దు. ఇటీవల రోబో సాయంతో ఛాతీ లోపలి నుంచి కూడా చేస్తున్నారు.

ఫలితాల విషయంలో ఉత్సాహమూ నిరాశా రెండూ ఆధారాలు చూపగలవు. నైపుణ్యం గల కేంద్రాల్లో నరాల రకం రోగుల్లో పదిమందికి ఎనిమిది, తొమ్మిదిమందికి తొలి నెలల్లో ఉపశమనం కనిపిస్తుంది; ఐదేళ్ళు గడిచేసరికి ఆ సంఖ్య ఏడుకు దగ్గరవుతుంది, తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే మచ్చకట్టడం వల్ల జరుగుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పని సంబంధిత పరిహారం పొందుతున్న కార్మికుల మీద 2000లో ప్రచురితమైన అధ్యయనంలో, ఆపరేషన్ అయిన ఏడాదికి కూడా నూటికి అరవైమంది పనికి వెళ్ళలేకపోయారు. ఈ రెండు అంకెలూ అబద్ధం కావు: మొదటిది జాగ్రత్తగా ఎంచుకున్న రోగులది, రెండవది ఎంపిక వదులుగా ఉన్నచోటిది. పరిశోధనా నాణ్యత విషయంలో కోక్రేన్ సంస్థ 2014 నాటి సమీక్షలో ఆధారాలు చాలా బలహీనంగా ఉన్నాయనే తేల్చింది. ఆ లోటును కొంత పూరిస్తూ నెదర్లాండ్స్‌లో 50 మంది రోగులను చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు చంక ద్వారా ఆపరేషన్ చేసి, మరొక జట్టుకు వ్యాయామ చికిత్స కొనసాగించి చేసిన ప్రయోగం 2022లో వెలువడింది. మూడు నెలల తరువాత చేతి వాడకాన్ని కొలిచే ప్రశ్నావళిలో ఆపరేషన్ జట్టు స్పష్టంగా మెరుగ్గా నిలిచింది. ఆ రోగులందరికీ ముందే వ్యాయామ చికిత్స విఫలమైందన్న సంగతి మరువరాదు. వయసు తక్కువైనవారూ, బాధ మొదలై ఎక్కువకాలం కానివారూ, స్కేలీన్ మత్తు పరీక్షలో ఉపశమనం పొందినవారూ బాగా కోలుకుంటారు. పొగతాగేవారూ, ఏళ్ళ తరబడి మత్తు కలిగించే నొప్పి మాత్రలకు అలవాటుపడినవారూ తక్కువగా.

అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళ జీవితాలు ఈ ఫలితాల తేడాను బహిరంగంగా చూపాయి. ఆ ఆటలో బంతి విసిరే పిచ్చర్ పని మన ఫాస్ట్ బౌలర్ పని లాంటిది. 2019 వరల్డ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడైన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ 2021లో ఈ ఆపరేషన్ చేయించుకొన్నాక 2022లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడి ఆగిపోయాడు. 2020లో చేయించుకొన్న మెరిల్ కెలీ 2023 వరల్డ్ సిరీస్‌లో బంతి విసిరి గెలిచాడు. వీరికంటే ముందు, హ్యూస్టన్ జట్టు పిచ్చర్ జె.ఆర్. రిచర్డ్ కథ మరింత బరువైనది. 1980లో చెయ్యి సచ్చుబడుతోందని అతడు పదేపదే చెప్పినా బద్ధకమనీ సాకులనీ పత్రికలూ అభిమానులూ అనుమానించారు. జులైలో పరీక్షించినప్పుడు కుడిచేతి ధమని మూసుకుపోయి ఉందని తెలిసింది. అదే నెల 30వ తేదీన సాధన చేస్తూ పక్షవాతంతో కుప్పకూలాడు. కుడి చేతి ధమనీ, మెదడుకు వెళ్ళే కుడి ధమనీ ఒకే కాండం నుంచి చీలుతాయి గనుక చేతి ధమనిలో పేరుకున్న గడ్డ వెనక్కు నెట్టుకొని మెదడువైపు పోయింది. అతడు మళ్ళీ ఆ స్థాయిలో ఆడలేదు. బరువు మోసే మనిషి చెయ్యి నొప్పి అన్నప్పుడు పనిదొంగ అని తోసిపుచ్చే అలవాటు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకుమించిన ఉదాహరణ అక్కరలేదు.

ధమని రకం ఎప్పుడూ శస్త్రచికిత్స జబ్బే. మెడ పక్కటెముక రాపిడికి ధమని గోడ దెబ్బతిని, ఇరుకుకు అవతల ఉబ్బి, ఆ ఉబ్బులో గడ్డలు తయారై వేళ్ళకు కొట్టుకుపోతాయి. అందుచేత ఎముకను తీసి, పాడైన ముక్కను కాలి సిరతోనో కృత్రిమ గొట్టంతోనో మార్చి, కిందికి జారిన గడ్డలను చివర బుడగ గల సన్నని గొట్టంతో లాగివేస్తారు. సకాలంలో జరిగితే చాలామంది చెయ్యి నిలుస్తుంది. సిర రకానికి పేజెట్-ష్రోటర్ జబ్బు అని పేరు. బలమైన శ్రమ తరువాత ఒకటి రెండు రోజుల్లో చెయ్యి మొత్తం వాచి నీలిరంగుకు తిరుగుతుంది, భుజం చుట్టూ సిరలు తేలి కనిపిస్తాయి. గడ్డ కొత్తగా ఉన్నప్పుడు, అంటే సుమారు 14 రోజుల లోపు, సన్నని గొట్టం ద్వారా మందు పంపి దాన్ని కరిగించి, ఆపై పక్కటెముక తీసి దారి వెడల్పు చేస్తే ఫలితం అన్నిటికంటే బాగుంటుంది, చాలామంది తమ పూర్వపు పనికి తిరిగి వెళతారు. ఆలస్యమైతే గడ్డ గట్టిపడి కరగదు, వాపు ఏళ్ళ తరబడి వెన్నాడుతుంది.

శంషాబాద్ వాసికి ఈ చికిత్స అందనిదేమీ కాదు. పంజాగుట్టలోని నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది, 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం దాకా దారి తగ్గించింది. కాంట్రాక్టు సంస్థల కింద పనిచేసే లోడర్లకు నెల జీతం 21,000 రూపాయలలోపు ఉంటే ఈఎస్ఐ వర్తించవచ్చు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పది లక్షల రూపాయల పరిమితికి పెరిగిన ఆరోగ్యశ్రీ కింద తమ చికిత్స వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవచ్చు. ఆపరేషన్ తరువాత రెండు మూడు రోజులు ఆసుపత్రిలోనూ, ఆపై రెండు మూడు నెలలు బరువులెత్తకుండానూ ఉండాలి. ఆ నెలల్లో కూలి పోతుందన్న భయంతో ముందే పనికి దిగినవారికి మచ్చ గట్టిపడి జబ్బు తిరగబెట్టే ముప్పుంది గనుక, తేలికపాటి పనిలో ఉంచమని రాసిచ్చే వైద్యుడి చీటీని యజమాని గౌరవించడం చికిత్సలో భాగమే.

చేతి తిమ్మిరికి వారాల పాటు వ్యాయామం చేస్తూ ఆగవచ్చు. ఒక చెయ్యి హఠాత్తుగా వాచి నీలిరంగుకు తిరిగితే ఆ రోజే వైద్యుణ్ణి చూడాలి. వేళ్ళు తెల్లబడి చల్లబడి నాడి అందకపోతే తెల్లవారేదాకా కూడా ఆగరాదు, ఎందుకంటే రక్తం ఆగిన కండరం ఆరు గంటలు దాటితే బతకడం కష్టం.